ట్రాక్ మీద తిరిగిన పోర్షే జీటీ3ని సెకండ్ హ్యాండ్‌లో కొనడం ఎలా?

"అన్నా, ఒక జీటీ3 దొరికింది. రేటు బాగానే ఉంది. కానీ ట్రాక్ మీద నడిపాడట. వదిలేయమంటావా?"

డాలస్ నుంచో, బే ఏరియా నుంచో, ఎడిసన్ నుంచో ఈ మెసేజ్ నాకు తరచూ వస్తూనే ఉంటుంది. ప్రతిసారీ అదే జవాబు టైపు చేయలేక అంతా ఒకచోట రాసి పెడుతున్నాను. ఇకమీదట అడిగినవాళ్లకు ఇదే పంపిస్తాను.

వదిలేయకండి. జీటీ3ని పోర్షే తయారు చేసిందే ట్రాక్ కోసం. ట్రాక్ ఎక్కినంత మాత్రాన అది పాడైపోదు. ట్రాక్ ఎక్కించి, ఆయిల్ మార్చకుండా, బ్రేకులు చూడకుండా, అడిగితే "అబ్బే, ఒక్కసారి కూడా వెళ్లలేదండీ" అనే ఓనర్ చేతిలో పాడవుతుంది. ముప్పై ట్రాక్ రోజులు (డబ్బు కట్టి సొంత కారును రేసు ట్రాక్ మీద నడుపుకునే రోజులు) చేసి అన్నిటికీ బిల్లులు చూపించే మనిషి ఒకడు, ఏ రోజూ వెళ్లలేదంటూ ఒక్క కాగితమూ చూపించని మనిషి ఇంకొకడు ఉంటే నేను మొదటివాడి దగ్గరే కొంటాను.

ఇక్కడ రాసిందంతా అమెరికాలో 911 జీటీ3 కొనేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. కార్వెట్ జెడ్06, బీఎండబ్ల్యూ ఎం3, కేమన్ జీటీ4 కొనేవాళ్లకు కూడా ముప్పావు వంతు పనికొస్తుంది.

ముందు సిద్ధం చేసుకోవలసినవి

- మంచి టార్చిలైటు, చిన్న అద్దం, మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత దుప్పటి.
- పెయింట్ మందం కొలిచే మీటర్. ఉక్కుతో పాటు అల్యూమినియం మీద కూడా పనిచేసేదే కొనండి. 991 తరం జీటీ3 తలుపులు, ముందు మూత అల్యూమినియంవి. చౌక మీటర్లు అక్కడ అంకె చూపించవు.
- టైరు గాడి లోతు కొలిచే గేజ్.
- కారు ఉన్న ఊళ్లో పోర్షే పని తెలిసిన స్వతంత్ర షాపు నంబరు. అమ్మేవాడు చెప్పిన షాపు కాకుండా మీరు వెతుక్కున్నది కావాలి.
- కారు ధర కాకుండా, దాని మీద కనీసం పది శాతం చేతిలో. ఇది లేకపోతే మిగతావన్నీ ఉన్నా ఆగిపోండి.

1. ఏ తరం కారో ముందే తేల్చుకోండి

911 తరాలను పోర్షే 996, 997, 991, 992 అనే అంకెలతో పిలుస్తుంది. చుక్క తర్వాత 1 అంటే ఆ తరంలో మొదటి రకం, 2 అంటే సవరించిన రకం. ఒక్కో తరానికి ఒక్కో జబ్బు. అది తెలియకుండా కారు చూడ్డానికి వెళితే రంగు, సీట్లు చూసి మురిసిపోయి వచ్చేస్తారు.

996 జీటీ3 (అమెరికాలో 2004, 2005 మోడళ్లు), 997 జీటీ3 రెండింట్లోనూ ఉండేది హాన్స్ మెట్స్‌గర్ పేరుతో పిలిచే ఇంజన్. 1998లో లెమాన్స్ గెలిచిన 911 జీటీ1కి దగ్గరి బంధువు. గట్టి పిండమే, కానీ కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) గొట్టాల దగ్గర ఒక బలహీనత ఉంది. వాటి కొసలను జిగురుతో అతికించారు. ఏళ్ల తరబడి వేడి తగిలాక ఆ జిగురు వదిలేస్తుంది. ఒక్కసారిగా కూలెంటంతా రోడ్డు మీద పడుతుంది. ట్రాక్ మీద అదే జరిగితే మీ వెనక వచ్చే కార్లు కూడా జారతాయి. దీనికి మందు ఆ కొసలకు వెల్డింగ్ చేయించడమో, పిన్నులు కొట్టించడమో. ఇంజన్ కిందికి దించాల్సిన పని. అమ్మేవాడిని అడగాల్సిన మొదటి ప్రశ్న "గొట్టాలకు పని చేయించారా, బిల్లు ఉందా?" అన్నదే. చేయించకపోతే ఆ ఖర్చు ధరలో తగ్గించాలి.

991.1 జీటీ3 2013లో వచ్చింది. 3.8 లీటర్లు, 475 హార్స్‌పవర్, 9000 ఆర్‌పీఎం, గేర్‌బాక్సు పీడీకే (క్లచ్ పెడల్ లేని పోర్షే ఆటోమేటిక్) ఒక్కటే. 2014లో కొన్ని కార్లకు మంటలు అంటుకున్నాయి. కనెక్టింగ్ రాడ్ బోల్టులు వదులవడమే కారణమని తేల్చి, అప్పటిదాకా తయారైన 785 కార్లకూ కంపెనీయే కొత్త ఇంజన్లు వేసింది. ఆ కథ ముగిసింది. ఇంకోటి ఉంది: వాల్వులను తొక్కే ఫింగర్ ఫాలోయర్లు అరిగిపోవడం. దీనికోసం పోర్షే ఇంజన్ వారంటీని పదేళ్లకు, 1,20,000 మైళ్లకు పెంచింది. చాలా కార్లకు ఆ పదేళ్లు ఈపాటికి అయిపోయాయి. అందుకని వారంటీ కింద ఇంజన్ మార్చిన కాగితం ఉన్న కారుకు విలువ ఎక్కువ. చివరగా సవరించిన రకాన్ని ఓనర్లు "జీ ఇంజన్" అంటారు. "ఇంజన్ మార్చారా? అమ్మో!" అని జడుసుకునేవాళ్లను చూశాను. ఈ ఒక్క కారు విషయంలో అది మంచి వార్త.

991.2 (4.0 లీటర్లు, 500 హార్స్‌పవర్, మాన్యువల్ గేర్లు కూడా దొరుకుతాయి), ఆ తర్వాతి 992 మీద నాకు పెద్దగా ఫిర్యాదుల్లేవు. జేబు ఒప్పుకుంటే కళ్లు మూసుకుని అని అనను గానీ, ఒక కన్ను మూసుకుని చూడొచ్చు.

2. ఫోన్‌లోనే సగం పని అయిపోవాలి

నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వెళ్లే ముందు ఇవి అడగండి:

ఎన్ని ట్రాక్ రోజులు? ఏ ట్రాకులు? ఆయిల్ ఎన్ని రోజులకోసారి మార్చారు? బ్రేక్ ఫ్లూయిడ్ ఎప్పుడు? ట్రాక్ మీద ఎప్పుడైనా గడ్డిలోకి, గోడకు వెళ్లిందా? కారుతో వచ్చిన అసలు చక్రాలు, బ్రేకు డిస్కులు, సీట్లు ఉన్నాయా?

జవాబు కంటే, జవాబు వచ్చే తీరు వినండి. "వాట్కిన్స్ గ్లెన్ రెండుసార్లు, మిల్‌విల్ నాలుగు, ప్రతి రెండు ఈవెంట్లకీ ఆయిల్ మార్చాను, షీట్ మెయిల్ చేస్తా" అంటే మంచి లక్షణం. "ఏదో ఒకటి రెండుసార్లు, అదీ మెల్లగా" అంటే కారు దగ్గర మరింత ఒళ్లు దగ్గర పెట్టుకుని చూడాలి. జీటీ3తో మెల్లగా ట్రాక్ నడిపినవాడిని నేనైతే ఇంతవరకు చూడలేదు.

3. కాగితాలు, ఫొటోలు

వీఐఎన్ నంబరు (కారు గుర్తింపు నంబరు)తో కార్‌ఫాక్స్ (కారు చరిత్ర రిపోర్టు) తీయండి, ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైటులో రీకాల్స్ (లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలిచినవి) చూడండి. టైటిల్ (యాజమాన్య పత్రం) మీద బ్యాంకు లోను ఉందో లేదో చూడండి.

చాలామంది చేసే పెద్ద పొరపాటు ఇక్కడే: కార్‌ఫాక్స్ క్లీన్‌గా ఉంటే యాక్సిడెంట్ కాలేదనుకోవడం. రోడ్డు మీద గుద్దితే పోలీసులు వస్తారు, ఇన్సూరెన్స్ వస్తుంది, రికార్డవుతుంది. ట్రాక్ మీద గుద్దితే పోలీసులు రారు. మామూలు ఇన్సూరెన్స్ పాలసీలు చాలావరకు ట్రాక్‌ని మినహాయిస్తాయి. కాబట్టి ఓనర్ సొంత డబ్బుతో బాగు చేయించుకుంటాడు. ఎక్కడా ఏ రికార్డూ ఉండదు. కార్‌ఫాక్స్ చెప్పేది దాని చెవిన పడినంత వరకే.

అందుకని ఇంకో దారి. ట్రాక్ రోజుల్లో ఫొటోగ్రాఫర్లు ప్రతి కారునూ తీసి అమ్మకానికి పెడతారు. అమ్మేవాడు చెప్పిన ట్రాక్, తేదీలతో వెతికితే ఆ రంగు కారు, తలుపు మీద నంబరుతో సహా దొరకవచ్చు. యూట్యూబ్‌లో ల్యాప్ వీడియోలు కూడా. ఒకసారి నేను చూడబోయిన కారు ముందు బంపరు పాత ఫొటోల్లో ఒకలా, అమ్మకం ఫొటోల్లో ఇంకోలా కనిపించింది. ఓనర్‌ని అడిగితే ఒప్పేసుకున్నాడు. అడక్కపోతే చెప్పేవాడు కాదు.

4. ఓవర్‌రెవ్ రిపోర్టు చదవడం

అందరూ ఎక్కువ టెన్షన్ పడేది, తక్కువ అర్థం చేసుకునేది దీన్నే. కాస్త నిదానంగా చదవండి.

ఇంజన్ కంప్యూటర్ (డీఎంఈ) పరిమితి దాటి తిరిగిన ప్రతిసారీ లెక్క రాసుకుంటుంది. 997 నుంచి ఆరు రేంజ్‌లు ఉంటాయి. పైకి పోయేకొద్దీ ప్రమాదం. ఒక్కో రేంజ్‌లో ఎన్ని ఇగ్నిషన్లు జరిగాయో, చివరిసారి ఇంజన్ ఎన్నో గంటలో జరిగిందో ఉంటుంది. డీలరో, మంచి షాపో దీన్ని తీసి ఇస్తుంది.

కింది రేంజ్‌లలో పడేవి చాలావరకు గేరు మార్చడం ఆలస్యమై లిమిటర్‌ని తాకినవి. లిమిటర్ ఇంధనం ఆపేస్తుంది కాబట్టి ఇంజన్ తన బలంతో అంతకంటే పైకి పోలేదు. 4, 5, 6 రేంజ్‌లలో పడాలంటే చక్రాలే ఇంజన్‌ని తిప్పాలి. అంటే ఐదో గేరు నుంచి నాలుగుకు బదులు రెండులో పడేశాడన్నమాట. దీన్నే మనీ షిఫ్ట్ అంటారు. పేరులోనే ఖర్చు ఉంది.

ఇప్పుడు అంకెలు. ఆరు సిలిండర్ల ఇంజన్ ఒక్క చుట్టుకు మూడుసార్లు మండుతుంది. 8400 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 25,200 సార్లు, అంటే సెకనుకు 420. రేంజ్ 1లో 2000 అని చూసి "అయ్యో, రెండు వేలసార్లు!" అనుకోకండి. ఆ కారు జీవితం మొత్తంలో కలిపి ఐదు సెకన్లు కూడా కాదు. రేంజ్ 5లో 60 అని ఉంటే మాత్రం కూర్చుని ఆలోచించాలి. అది సెకనులో ఏడో వంతు కంటే తక్కువే. అయినా ఒక వాల్వు వంగడానికి అది చాలు.

తర్వాత గంటలు చూడండి. రేంజ్ 4 చివరిసారి 210వ గంటలో జరిగి, ఇప్పుడు ఇంజన్ 780 గంటల దగ్గర ఉంటే, ఆ దెబ్బ తర్వాత 570 గంటలు బతికింది. సగటున గంటకు 30 మైళ్లనుకున్నా 17,000 మైళ్లు. లీక్‌డౌన్ టెస్టు (సిలిండర్లోకి గాలి ఎక్కించి ఎంత లీకవుతుందో చూసేది) కూడా బాగుంటే నేను భయపడను. అదే దెబ్బ మొన్న 775వ గంటలో తగిలి, ఈ వారం అమ్మకానికి పెట్టాడంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

అదే రిపోర్టుతో ఇంకో చెక్ ఉంది, ఇది చాలామంది చేయరు. మొత్తం మైళ్లను మొత్తం గంటలతో భాగించండి. 24,000 మైళ్లు, 700 గంటలు: సగటు 34. సరిపోయింది. 9,000 మైళ్లు, 600 గంటలు అయితే సగటు 15. ఊళ్లో ట్రాఫిక్‌లోనే తిప్పి ఉండాలి, లేదా మైళ్ల లెక్కలో తేడా ఉండాలి. రెండోది కాదని నిరూపించే బాధ్యత అమ్మేవాడిది.

హెచ్చరిక: ఇంజన్ పోగొట్టేంత తప్పు గేరును పీడీకే అడిగినా వేయదు. కాబట్టి 991.1లో పై రేంజ్‌లలో అంకెలు కనిపిస్తే మరీ అనుమానించాలి. ఇంజన్ గానీ కంప్యూటర్ గానీ మార్చిన కారులో గంటలు మైళ్లతో కలవవు. దానికి బిల్లు ఉండాలి.

5. కారు చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి

"నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని ముందే చెప్పండి. వెళ్లగానే వెనక మూత ఎత్తి చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఎందుకని అడగండి.

పెయింట్ మీటర్‌తో ప్రతి ప్యానెల్ మీద నాలుగైదు చోట్ల కొలవండి. కంపెనీ పెయింట్ సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది. పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, ఈ కార్లకు ముందు భాగమంతా రక్షణ ఫిల్మ్ వేస్తారు. అదే ఇంకో 150, 200 మైక్రాన్లు కలుపుతుంది. మీటర్ 300 చూపిస్తే రీపెయింట్ అని కంగారుపడకండి. ఫిల్మ్ అంచు ఎక్కడుందో వెతికి, దాని పక్కన ఖాళీ చోట కొలవండి. తిరకాసు ఏంటంటే, కొందరు రీపెయింట్ చేయించి దాని మీద కొత్త ఫిల్మ్ వేయిస్తారు. పైన పటారం, లోన లొటారం. కారు పాతది, ఫిల్మ్ మాత్రం నిన్న వేసినట్టు తళతళలాడుతుంటే ఎప్పుడు వేయించారో బిల్లు అడగండి. ప్లాస్టిక్ బంపర్ల మీద మీటర్ పనిచేయదు, అక్కడ కళ్లే దిక్కు.

ముందు మూత కీలు బోల్టుల మీద పెయింట్ చెదిరిందా, రెండు హెడ్‌లైట్ల లేబుళ్ల మీద తేదీలు దగ్గరగా ఉన్నాయా చూడండి. ఒకటి 2014, ఇంకొకటి 2019 అయితే మధ్యలో ఏదో కథ ఉంది.

ముందు బంపరు కింది నల్ల పెదవి గీరుకుపోయి ఉంటుంది. దాన్ని పట్టుకుని బేరం ఆడకండి. అది అరిగిపోవడానికే ఉన్న ముక్క, వాకిట్లో ఎత్తు దిగినా గీరుకుంటుంది.

6. టైర్లు, బ్రేకులు: ఇవి అబద్ధం చెప్పవు

టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2321 అంటే 2021లో 23వ వారం. మిషెలిన్ కప్ 2 లాంటి ట్రాక్ టైర్లు గాడి మిగిలి ఉన్నా, వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి గట్టిపడిపోతాయి. నాలుగేళ్లు దాటిన వాటిని లెక్కలోకి తీసుకోకండి.

అరుగుదల ఎటువైపో చూడండి. బయటి అంచు చిరిగినట్టు అరిగితే మామూలు అలైన్‌మెంట్‌తోనే ట్రాక్ ఎక్కించాడని అర్థం. లోపలి అంచు అరిగితే ట్రాక్ అలైన్‌మెంట్ పెట్టించి రోడ్డు మీద తిప్పాడు. ఇంకో సరదా పరీక్ష: లగూనా సెకా, ఆస్టిన్‌లోని కోటా (సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్) ట్రాకులు గడియారానికి ఎదురు దిశలో తిరుగుతాయి. ఎడమ మలుపులు ఎక్కువ కాబట్టి కుడి టైర్లకు భారం ఎక్కువ. రోడ్ అట్లాంటా, వాట్కిన్స్ గ్లెన్‌లలో తారుమారు. అమ్మేవాడు చెప్పిన ట్రాకులతో అరుగుదల కలుస్తుందో లేదో చూడండి. టైర్లు అటూ ఇటూ మార్చి ఉంటే కలవదు, దీనొక్కదానితో తీర్పు చెప్పకండి.

ఇనుప డిస్కులైతే రంధ్రాల చుట్టూ సన్నని వెంట్రుక పగుళ్లు ఉంటాయి. మామూలే. గోరు పెట్టి లాగండి. గోరు పట్టుకునేంత పగులు రెండు రంధ్రాలను కలిపినా, అంచు దాకా పోయినా ఆ డిస్కుల పని అయిపోయింది. కనీస మందం డిస్కు మధ్య భాగం మీద చెక్కి ఉంటుంది.

కాలిపర్లు (డిస్కును పట్టి నొక్కే భాగాలు) పసుపు రంగులో ఉంటే సిరామిక్ బ్రేకులు (పీసీసీబీ). ఇక్కడ జాగ్రత్త. వీటిని మందంతో కొలిస్తే ఏమీ తెలియదు. ట్రాక్ వేడికి లోపలి కార్బన్ కాలిపోతుంది, మందం తగ్గకుండానే బరువు తగ్గుతుంది. అందుకే కనీస బరువు కూడా డిస్కు మీదే రాసి ఉంటుంది. షాపులో విప్పి తూకం వేయించండి, లేదా దీనికోసమే ఉన్న మీటర్‌తో చూపించండి. నాలుగూ కొత్తవి వేయించాలంటే పదిహేను, ఇరవై వేల డాలర్ల మాట. తెలివైన ట్రాక్ ఓనర్లు కొన్న వెంటనే వీటిని విప్పి పెట్టెలో దాచి, ఇనుపవి వేసుకుంటారు. "అసలువి ఉన్నాయా?" అని అడగమన్నది ఇందుకే.

ఎర్ర కాలిపర్లు ముదురు గోధుమ రంగుకు తిరిగాయంటే బాగా కాలాయన్నమాట. పిస్టన్ల చుట్టూ ఉండే రబ్బరు తొడుగులు కాలి పెళుసెక్కాయేమో టార్చి వేసి చూడండి.

997.2 నుంచి జీటీ3కి చక్రానికి ఒకే నట్టు, సెంటర్ లాక్. 991లో దాన్ని 600 న్యూటన్ మీటర్లకు బిగించాలి. పెద్ద టార్క్ రెంచ్, బ్రేకు తొక్కడానికి ఇంకో మనిషి కావాలి. నట్టు మీద దెబ్బలు, గీతలు ఉంటే తెలియనివాళ్లు విప్పారని గుర్తు.

7. కింద దూరి చూడండి

చక్రాల పైన లోపలివైపు ఉండే ప్లాస్టిక్ తొడుగుల మీద, వెనక బంపరు లోపల చెయ్యి పెట్టండి. ట్రాక్ మీద టైర్ల నుంచి రాలిన రబ్బరు ముద్దలు అక్కడ అతుక్కుంటాయి. కారు కడిగించేవాళ్లు ఆ లోపల కడగరు. నేను మొదట కొన్న పాత స్పోర్ట్స్ కారును "ఒక్క ట్రాక్ రోజు కూడా చూడలేదు" అని అమ్మారు. నెల తర్వాత బంపరు విప్పితే గుప్పెడు రబ్బరు ముద్దలు, వాటితో పాటు ఎండుగడ్డి. గడ్డిలోకి కూడా దింపాడన్నమాట! ఆ రోజు నుంచి ముందు చెయ్యి పెట్టాకే మాట్లాడతాను.

ముందు మూడు రేడియేటర్లు ఉంటాయి. బంపరు జాలీల్లోంచి టార్చి వేసి రాళ్ల దెబ్బలు, కూలెంటు మరకలు చూడండి.

జీటీ3లో చక్రాలను పట్టుకునే కింది ఆర్మ్‌లలో క్యాంబర్ (చక్రం పక్కకు వాలే కోణం) కోసం పలుచని ప్లేట్లు పెడతారు. అలైన్‌మెంట్ షీటు అడిగి తీసుకోండి. రెండు వైపులా క్యాంబర్ ఒకటే, కానీ ఒకవైపు ప్లేట్లు బాగా ఎక్కువ అంటే అక్కడ ఏదో వంగింది. ఈ ఒక్క గుర్తు పెయింట్ మీటర్ కంటే ఎక్కువ చెబుతుంది.

8. లోపల

ఇక్కడ ఎక్కువసేపు అక్కర్లేదు. రోల్ బార్ బోల్టుల రంధ్రాలు, అగ్నిమాపక సిలిండర్ బిగించిన గుర్తులు, సీటు భుజాల మీద బెల్టులు రాసుకున్న గీతలు, తలుపు మీద నంబరు స్టిక్కర్ జిగురు చూడండి. ఇవన్నీ ఉండి ఓనర్ ముందే చెప్పి ఉంటే తప్పేం లేదు. చెప్పకుండా ఉంటేనే మళ్లీ రెండో దశకు వెళ్లి ప్రశ్నలు మొదలుపెట్టాలి.

9. నడిపి చూడండి, తొందరపడకుండా

చల్లగా స్టార్ట్ చేసి రేడియో ఆపి వినండి. ఈ ఇంజన్లు మామూలుగానే కాస్త గరగరమంటాయి. వేడెక్కాక కూడా ఒకే లయలో టిక్ టిక్ మంటూ, ఐడ్లింగ్ ఊగుతుంటే 991.1లో ఫింగర్ ఫాలోయర్లను అనుమానించండి. ఆయిల్ వేడెక్కేదాకా 4000 ఆర్‌పీఎం దాటించకండి. దాటించమని అమ్మేవాడే అంటే, తను రోజూ ఎలా నడిపాడో మీకు చెప్పేసినట్టే.

మాన్యువల్ అయితే రెండు నుంచి మూడుకు, మూడు నుంచి రెండుకు గట్టిగా కాకుండా మార్చి చూడండి. గీరుకుంటే సింక్రోలు (గేర్లు సాఫీగా కలవడానికి ఉండే రింగులు) అరిగాయి. ఖాళీ రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేయండి. స్టీరింగ్ వణికిందా, పక్కకు లాగిందా?

996, 997లలో డిఫరెన్షియల్ (వెనక రెండు చక్రాలకు బలాన్ని పంచే భాగం) ట్రాక్ వాడకానికి త్వరగా అరుగుతుంది. నడిపితే తెలియదు. షాపులో ఒక వెనక చక్రం ఎత్తి, న్యూట్రల్‌లో పెట్టి, టార్క్ రెంచ్‌తో తిప్పితే తెలుస్తుంది. చేతికే సులువుగా తిరిగిందంటే మళ్లీ కట్టించాలి.

10. కొనేముందు షాపులో తనిఖీ (ప్రీ-పర్చేజ్ ఇన్‌స్పెక్షన్, పీపీఐ)

అడ్వాన్సు ఇచ్చేముందు, మీరు ఎంచుకున్న షాపులో, మీ డబ్బుతో. కొన్ని వందల డాలర్లు అవుతుంది. "మా మెకానిక్ మొన్ననే చూశాడు" అన్నదాన్ని చిరునవ్వుతో వదిలేయండి. "పీపీఐ చేయండి" అని ఊరుకోకుండా ఇవి విడివిడిగా రాసి ఇవ్వండి:

- ఓవర్‌రెవ్ రిపోర్టు, ప్రింటుతో సహా.
- ఆరు సిలిండర్లకూ లీక్‌డౌన్. అంకె ఎంత అన్నదానికంటే ఆరూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. ఐదు 4 శాతం, ఒకటి 15 శాతం అంటే ఆ ఒక్కదాని గురించే మాట్లాడాలి.
- బోర్‌స్కోపుతో (లోపలికి దూర్చే సన్నని కెమెరా) సిలిండర్ గోడలు, ఫొటోలతో.
- ఆయిల్ శాంపిల్ ల్యాబుకు. ఆయిల్ నిన్ననే మార్చి ఉంటే శాంపిల్ వల్ల ఉపయోగం లేదు. అమ్మకానికి ముందురోజే మార్చడం కూడా ఒక ఎత్తే, పాత ల్యాబ్ రిపోర్టులు అడగండి.
- డిస్కుల మందం లేదా బరువు, అంకెలతో.

షాపు "ఓవరాల్‌గా బాగుంది" అని రాసిస్తే డబ్బు దండగ అయినట్టే. ప్రతి లైను పక్కనా కొలత ఉండాలి.

11. బేరం

దొరికిన లోపాలన్నిటికీ షాపు కొటేషన్ తీసుకుని, ఆ కాగితం ముందు పెట్టి మాట్లాడండి. "ట్రాక్ కారు కదా, తగ్గించండి" అంటే ఓనర్‌కు ఒళ్లు మండుతుంది, పైగా అది వాదన కాదు. "ముందు డిస్కులు, టైర్లు కలిపి ఇంత, గొట్టాల పని ఇంత" అంటే అది లెక్క. లెక్కకు లొంగనివాడి దగ్గర కొనకండి, ఇంకో కారు వస్తుంది.

ఇండియాకు తీసుకెళ్లాలనే ఆలోచన ఉంటే ఇక్కడే ఆపేయండి. వాడిన కారు దిగుమతికి స్టీరింగ్ కుడివైపు ఉండాలి, తయారై మూడేళ్లు దాటకూడదు. అమెరికా కారు మొదటి మెట్టు మీదే ఆగిపోతుంది. హైదరాబాద్‌లోనే కొనేవాళ్లు పై తనిఖీలతో పాటు పరివాహన్‌లో ఆర్సీ వివరాలు, లోను బాకీ, వేరే రాష్ట్రం బండి అయితే ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ కట్టాల్సిన లైఫ్ టాక్సు చూసుకోవాలి. ఈ ధరల కార్లకు ఆ టాక్సే ఇంకో మంచి కారు ఖరీదు.

12. ఇంటికి తెచ్చాక మొదటి వారం

ఓనర్ ఎంత మంచివాడైనా ఇంజన్ ఆయిల్, గేర్‌బాక్సు ఆయిల్, బ్రేక్ ఫ్లూయిడ్ మూడూ మార్పించండి. పాత ఫిల్టర్‌ను పారేయనివ్వకండి. కోసి, మడతలు విప్పి, ఎండలో పెట్టి చూడండి. సన్నని మెరుపు పొడి ఉంటే సరే. వేలికి తగిలే లోహపు ముక్కలుంటే అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఉక్కు, అంటుకోకపోతే బేరింగు కావచ్చు. రెండూ షాపుకు ఫోన్ చేయాల్సినవే.

ఆయిల్ లెవెల్ ఇంజన్ వేడిగా, చదునైన చోట ఉన్నప్పుడే చూడాలి. ఇలాంటి డ్రై సంప్ (ఆయిల్‌ని విడి ట్యాంకులో ఉంచే) ఇంజన్‌ని చల్లగా చూసి, తక్కువగా ఉందని లీటరు ఎక్కువ పోసేసేవాళ్లు ఎంతోమంది. తర్వాత పొగ చూసి ఇంజన్ పోయిందని ఏడుస్తారు.

ట్రాక్ రోజుకు పేరు ఇచ్చే ముందు ఆ రోజుకు విడిగా ఇన్సూరెన్స్ తీసుకోండి, బ్రేకు ప్యాడ్లు సగానికి పైగా ఉన్నాయో లేదో చూసుకోండి. మొదటి సెషన్ అయ్యాక చక్రాల నట్లు మళ్లీ టార్క్ చూడండి. సాయంత్రం ఇంటికొచ్చాక తేదీ, ట్రాకు, గంటలు, ఆయిల్ ఎంత పోశారో ఒక పుస్తకంలో రాయండి. రేపు మీ దగ్గర కొనడానికి వచ్చేవాడు అడగబోయే మొదటి కాగితం అదే.